‘పాతవి’ అని రాసిన సొరుగు

మా తమ్ముడు పోయి నెల కావస్తోంది. ఇక్కడ మా ఊరు కాపెల్‌లో తెలిసినవాళ్ళు చాలామంది వచ్చి వెళ్ళారు. దూరాన ఉన్నవాళ్ళకి ఇంకా తెలియకపోవచ్చు, వాళ్ళ కోసం చెబుతున్నాను. గుండె ఆగింది. నలభై తొమ్మిదేళ్ళు. ఆ వేళ ఆఫీసుకి బయల్దేరి, కారు తలుపు తీసి, అక్కడే కూర్చుండిపోయాడు. నేను వెళ్ళేసరికి అంబులెన్సు కదిలిపోయింది. ఇంటిముందు వాడి లంచ్ బ్యాగ్ మాత్రం ఉంది.

ఆ రోజు గురించి ఇంతకన్నా రాయలేను. కళ్ళు మూసుకుంటే నాకు వేరే ఉదయం గుర్తొస్తోంది. ఆరేళ్ళ కిందటి మామూలు శనివారం.

పూజ ముగించుకుని, తడి జుట్టు ముడివేసుకుని, ఇడ్లీల డబ్బా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మా ఇంటి నుంచి పది నిమిషాల దారి. గరాజ్ తలుపు ఎత్తి ఉంది. కార్లు రెండూ బయట, వాటి స్థానంలో గోడకి ఆనించిన ప్లైవుడ్ పలకలు. వాడు నేలమీద మోకాళ్ళ మీద ఉన్నాడు. చెవి వెనక పెన్సిలు, కనుబొమల నిండా రంపపు పొట్టు.

“కరెక్ట్ టైమ్‌కి వచ్చావక్కా. ఈ చివర పట్టుకో.”

“చేతులు కడుక్కుని ముందు తినరా.”

“రెండు నిమిషాలు. కదపకు. నైవేద్యం పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకో.”

పట్టుకున్నాను. వాడు కామిక్స్ దాచుకోవడానికి బీరువాలు చేసుకుంటున్నాడు. రెండు వేల పైచిలుకు పుస్తకాలు. అప్పటిదాకా అట్టపెట్టెల్లో ఒకదానిమీద ఒకటిగా ఉండేవి. అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ దించాలి. కొన్న బీరువాల్లో వాటి కొలతకి సరిపడే సొరుగులు ఉండవట. ఇంటర్నెట్‌లో చూసి, కాగితాలమీద బొమ్మలు గీసుకుని, వాడే మొదలుపెట్టాడు.

మొదటి సొరుగు తయారైంది. జిగురు ఆరాక, పెట్టెలోంచి ఒక కామిక్ తెచ్చాడు. వాడి పుస్తకాలన్నీ ప్లాస్టిక్ కవర్లో, వెనకాల అట్టముక్కతో ఉంటాయి. సొరుగులో దింపబోతే దిగలేదు. తిప్పాడు. ఒంచాడు. దిగలేదు.

“పుస్తకాన్ని కొలిచావు, దాని చొక్కాని కొలవలేదురా” అన్నాను.

వాడు సిమెంటు నేలమీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ ఆగలేదు. మా మరదలు కాఫీ గ్లాసులతో వచ్చి, సొరుగునీ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది.

“మీ తమ్ముడు ఆఫీసులో ప్రాజెక్ట్ మేనేజర్ వదినా. పదిహేనుమంది ఈయన కొలతలు నమ్ముకుని పనిచేస్తున్నారు, పాపం” అంది.

ఆ సొరుగుని వాడు పారేయలేదు. అంచులు నున్నగా తోమి నా కారులో పెట్టాడు. “నీ పూజగదిలో వత్తులూ కర్పూరం పెట్టుకో అక్కా. కష్టపడి చేశాను, వేస్ట్ కాకూడదు.”

తర్వాత రెండు చలికాలాల్లో నాలుగు బీరువాలు పూర్తయ్యాయి. కొలతలు మళ్ళీ తప్పలేదు. ఇనప పట్టాలు చప్పుడు చేస్తాయని, సొరుగులు జరిగేచోట చెక్కే పెట్టి, దానిమీద కొవ్వొత్తి రుద్దాడు. అంత బరువైన సొరుగూ వేలితో లాగితే మెత్తగా వచ్చేది. మూసేముందు పుస్తకాల అంచులమీద నెమ్మదిగా ఊదేవాడు. దుమ్ము లేకపోయినా ఊదేవాడు.

చుట్టుపక్కల పిల్లలకి వాడు ‘కామిక్స్ అంకుల్’. ఎవరొచ్చినా చేతులు కడుక్కుని, కార్పెట్ మీద కూర్చుని, కావలసినంతసేపు చదువుకోవచ్చు. వాడిది ఒకటే పట్టు, సొరుగు కిక్కిరిసేలా పెట్టకూడదు.

“నాలుగు వేళ్ళ సందు ఉండాలి. లేకపోతే ఒకటి తీయబోతే ఇంకోటి చిరుగుతుంది” అనేవాడు. పిల్లలు నాలుగు వేళ్ళు దూర్చి చూపించాకే మూయనిచ్చేవాడు.

ప్రతి సొరుగుకీ ఇంగ్లీషులో చీటీ ఉండేది. నాలుగో బీరువాలో అడుగు సొరుగు ఒక్కదానికే తెలుగులో ‘పాతవి’ అని రాశాడు. లాగి చూశాను. ఖాళీ.

“ఇదేమిట్రా, ఏమీ లేదు?”

“ఉన్నాయక్కా. దారిలో ఉన్నాయి” అన్నాడు నవ్వుతూ. తర్వాత, కాఫీ తాగుతావా అని అడిగాడు.

నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పని ఈ మాట చెప్పకుండా వాడి గురించి రాస్తే అది నిజం కాదు.

అమ్మ పోయాక విజయవాడలో ఇల్లు నా చేతిలోకి వచ్చింది. నాకు ఇరవై రెండు, వాడికి పదిహేను. పదో తరగతి పరీక్షలకి నెల ఉంది. వాడి మంచం కింద రేకు ట్రంకులో నలభై రెండు తెలుగు కామిక్స్ ఉండేవి. సగం పుట్టినరోజులకి కొనిపించుకున్నవి, సగం స్నేహితులతో మార్చుకున్నవి. లెక్కల పుస్తకం మధ్యలో వాటిని పెట్టుకుని చదువుతూ రెండుసార్లు దొరికాడు. మూడోసారి నేనేమీ అనలేదు. వాడు బడికి వెళ్ళాక పాత పేపర్లవాణ్ణి పిలిచి, ట్రంకు బోర్లించాను.

సాయంత్రం వచ్చి ట్రంకు తెరిచి చూసుకున్నాడు. “అక్కా, ఇక?” అన్నాడు. ఆ ఒక్కమాటే. “చదువుకో” అన్నాను. చదువుకున్నాడు. పాసయ్యాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. క్షమించమని నేనూ అడగలేదు. ఇంట్లో పెద్దదాన్ని, మంచికే చేశాననుకున్నాను.

‘పాతవి’ అన్న చీటీ చూసివచ్చిన రోజు జపానికి కూర్చుంటే పూసలు కదలలేదు.

విజయవాడలో ఉన్న మా పిన్ని కూతురికి ఫోన్ చేశాను. ఆదివారం రోడ్డుమీద పాత పుస్తకాలు పరిచే చోట వెతకమన్నాను. “ఈ వయసులో నీకు కామిక్స్ ఏంటే అక్కా!” అని నవ్వింది గానీ, వెతికింది. అటునుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో ఆవకాయ మధ్య ఒకటీ రెండూ వచ్చేవి. నాలుగేళ్ళలో పదకొండు దొరికాయి. ఏ ఒక్కటీ వాడిది కాదు. లోపలి పేజీల్లో ఎవరెవరో పిల్లల పేర్లు. పేర్లు వేరైనా పుస్తకాలు అవే.

వాటిని ఎక్కడ దాచాలా అని చూసి, పూజగదిలోని ఆ పనికిరాని సొరుగులో పెట్టాను. చక్కగా సరిపోయాయి. వాడు కొలిచింది కవరు లేని పుస్తకాన్నే కదా.

అప్పుడే తీసుకెళ్ళి ఇచ్చి ఉండవలసింది. ఇవ్వలేదు. నలభై రెండూ దొరికాక, ఒక్కసారిగా ఆ సొరుగు నింపి, అప్పుడు నోరు తెరిచి క్షమించమని అడుగుదామనుకున్నాను. మాల పూర్తి కానిదే ఆసనం మీంచి లేవకూడదనుకునే మనిషిని. దీన్నీ అలాగే అనుకున్నాను. రోజూ వత్తి కోసం ఆ సొరుగు లాగినప్పుడల్లా, ఇంకొన్నాళ్ళే కదా అనుకునేదాన్ని.

పోయిన శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. మరదలు ఇల్లు అమ్మేసి చిన్న అపార్ట్‌మెంటుకి మారుతోంది. తమ్ముడి స్నేహితుడొకాయన, ఆయనా కామిక్స్ సేకరించేవాడే, బీరువాలతో సహా అన్నీ తీసుకెళ్తానన్నాడు. మర్నాడు పొద్దున్న ట్రక్కు రావాలి. మా మేనకోడలు కాలేజీ నుంచి వచ్చింది. నేనూ మావారూ సర్దడానికి వెళ్ళాం. వెళ్తూ వెళ్తూ పూజగదిలో సొరుగు తీసి, వత్తులు పక్కన పెట్టి, పుస్తకాలతో సహా ఒళ్ళో పెట్టుకుని కారెక్కాను.

గరాజ్‌లో ఆ ముగ్గురి ముందూ పెట్టి, ఉన్నదంతా చెప్పాను. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

మేనకోడలు అంది. “ఆ స్టోరీ నాకు తెలుసు అత్తా. నాన్న చాలాసార్లు చెప్పాడు. ‘మీ అత్త నా కామిక్స్ అమ్మేసి నన్ను పాస్ చేయించింది’ అని. ఫన్నీగా చెప్పేవాడు. కోపం లేదు.”

“ఇవి తెచ్చానని వాడికి తెలుసా?” అని మరదల్ని అడిగాను. తెలుసు అంటుందేమో అని ఆశ.

“తెలీదు వదినా” అంది. “తెలిస్తే ఆ సాయంత్రమే మీ ఇంట్లో ఉండేవారు. ఒక్కటి దొరికినా చాలు, పరిగెత్తుకుని వచ్చేవారు.”

నన్ను నొప్పించాలని అన్నది కాదు. నిజం గనక అంది. మావారు నా భుజం మీద చెయ్యి వేశారు. నేను ఏడ్చాను. ఆ ముగ్గురూ నన్ను ఆపలేదు.

తర్వాత మేనకోడలు నాలుగో బీరువా ముందు కార్పెట్ ముక్క పరుచుకుని కూర్చుంది. లేచివెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, మళ్ళీ కూర్చుంది. ఒక్కో పుస్తకం తీసి ‘పాతవి’ సొరుగులో పెట్టసాగింది. తెలుగు కూడబలుక్కుంటూ పేర్లు పైకి చదివింది. నేను ప్లాస్టిక్ కవర్లు అందించబోయాను.

“వద్దత్తా. ఇవి ఇలాగే ఉంచుదాం. చదువుకోవడానికి.”

ఆ సాయంత్రం మేం నలుగురం కూర్చుని అనుకున్నది ఇది. మూడు బీరువాలు ఆ స్నేహితుడి ఇంటికి వెళ్తాయి, అక్కడా పిల్లలు వచ్చి చదువుకునేలా. నాలుగోది మా ఇంటికి వస్తుంది, మేనకోడలికి సొంత ఇల్లు అమరేదాకా. విజయవాడలో వెతకడం ఆపకూడదు. ఏ పుస్తకం దొరికినా, వచ్చిన రోజే ఈ సొరుగులో పెట్టాలి. నలభై రెండూ కావాలని ఆగకూడదు. ఈ చివరిమాట నేనే అడిగి ఒప్పించుకున్నాను.

లేచేముందు మేనకోడలు నాలుగు వేళ్ళు దూర్చి చూసింది. నాలుగు వేళ్ళేమిటి, మోచెయ్యి దాకా పట్టింది. పదకొండు పుస్తకాలూ నిలబడలేక ఒక పక్కకి ఒరిగిపోయాయి. ఆ పిల్ల ఒంగి వాటి అంచులమీద నెమ్మదిగా ఊది, సొరుగుని వేలితో తోసింది. చప్పుడు లేకుండా మూసుకుంది.