చేపల త్రాసు

మా థోర్కిల్‌ది ఉడుంపట్టు. మా ఊళ్లో ఇంటింటికీ వేడినీళ్లు పంపే కేంద్రంలో ఇరవై తొమ్మిదేళ్లుగా పెద్ద వాల్వ్ తిప్పింది ఆయనే. వసంతంలో రిటైర్మెంటు. ఆ తర్వాత ఆ చోటు, ఆయన దగ్గర పని నేర్చుకున్న నాది కావాలి. కేంద్రం చైర్మన్ ఈవర్ అడ్డుపుల్ల వేశాడు.

"కరెంటు పోయి, పైపు పగిలితే చేత్తో మూయాలి. బెన్టే వల్ల అవుతుందా?"

నా వల్ల అవదు. అబద్ధమెందుకు? ఇనపగొట్టం తగిలించి వేలాడినా ఆ వాల్వ్ కదల్లేదు.

మోటారుతో తిరిగే కొత్త వాల్వ్ కొందామన్నారు. మూడు కంపెనీలను పోల్చి, ఒకటి ఎంచే పని థోర్కిల్‌కే ఇచ్చారు.

ఇక చూడాలి ఆయన వేషాలు! చేపలు తూచే కొక్కెం త్రాసు తెచ్చి స్తంభానికి కట్టాడు. రోజూ పొద్దున కాఫీకి ముందే, "లాగు పిల్లా" అనేవాడు.

"ఏం, నన్ను సంతలో అమ్ముతావా?"

"నీకంటే కాడ్ చేప నయం, బాగా తూగుతుంది" అని నవ్వి, చీటీలో ఏదో గీసుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆ చీటీలో ఏముందో చూద్దామంటే జేబులోంచి తీస్తేగా!

కంపెనీల వాళ్లు నమూనాలు తెచ్చి మా పైపుకే బిగించారు. జర్మన్ ఆయన ఎన్ని సెకన్లలో మూసుకుంటుందో చెప్పాడు. ఇటలీ ఆవిడ రంగురంగుల పుస్తకం ఇచ్చింది. స్వీడన్ ఆయన మా కాఫీ మెచ్చుకున్నాడు. థోర్కిల్ ముగ్గురితోనూ ఒకటే అన్నాడు: "కరెంటు తీసెయ్యండి." తీశాక, చేతిచక్రానికి అదే చేపల త్రాసు తగిలించి లాగి చూశాడు.

మీటింగులో, "స్వీడన్ వాళ్లది" అన్నాడు.

ఈవర్ ఎగిరిపడ్డాడు. "దానికి తొంభై చుట్లు తిప్పాలి! జర్మన్‌ది ముప్పైకే మూసుకుంటుంది కదయ్యా!"

థోర్కిల్ చీటీ బల్ల మీద పెట్టాడు. చక్రం కదలడానికి జర్మన్‌ది ముప్పై ఒక్క కిలోల బలం అడుగుతుంది. ఇటలీది ఇరవై ఏడు. స్వీడన్‌ది పద్నాలుగు. కింద నా పేరు, నలభై పొద్దుల అంకెలు. ఎక్కువగా ఇరవై రెండు, ఇరవై మూడు. ఒక్క పదహారు చుట్టూ మాత్రం సున్నా చుట్టి ఉంది.

తేదీ చూశాను. "ఆ రోజు నాకు జ్వరం! జ్వరంలో కూడా లాగించావు కదా, దుర్మార్గుడా!"

ఈవర్ చీటీ దగ్గరికి లాక్కుని చదివాడు. స్వీడన్ పేరు రాసుకుని, దాని కింద నా పేరు రాశాడు.

థోర్కిల్ త్రాసు జేబులో వేసుకుంటూ అన్నాడు: "నీ ఒంట్లో బాగున్న రోజు చూసుకుని పగలదు పిల్లా, పైపు."