అత్తమ్మ తలకు నూనె

నేను ఆడవాళ్ళ తలలకు కొబ్బరినూనె రాసి బతుకుతాను. సిద్దిపేటలో ఒక సందులో, మేడమెట్ల కింద ఉన్న చిన్న గది నా పార్లర్. కనుబొమలు దిద్దుతాను, ఫేషియల్ చేస్తాను గానీ, ఎక్కువమంది వచ్చేది నూనె కోసమే. నూనె గిన్నెను వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేస్తాను. జుట్టు పాయలు పాయలుగా విడదీసి, కుదుళ్ళకు వేళ్ళ కొసలతో పట్టిస్తాను. గోరు తగలనివ్వను. ఆపైన వేడి టవల్ చుట్టి అరగంట కూర్చోబెడతాను. ఆ అరగంటా వాళ్ళు అత్తల మీద, తోటికోడళ్ళ మీద చెప్పేవన్నీ వింటాను. "నీ చేతిల ఏదో ఉన్నదక్కా" అంటారు పోతూ పోతూ. నిజమే, ఉంది. ఏముందో చెబితే మళ్ళీ రారు.

మా చిన్నప్పుడు మాది మగ్గం ఇల్లు. బాపు, మా నాన్న, గొల్లభామ చీరలు నేసేవాడు. నెత్తిన కుండ పెట్టుకుని నడిచే చిన్న చిన్న ఆడబొమ్మలు అంచు పొడుగునా వరసగా వచ్చేవి. ఇంట్లో కొబ్బరినూనె సీసా ఎప్పుడూ ఉండేది, కానీ అది మా తలలకు కాదు, దారానికి. మగ్గానికి ఎక్కించే దారానికి గంజి పట్టించేటప్పుడు అందులో కొంచెం నూనె కలిపేవాళ్ళు, దారం తెగకుండా మెత్తగా ఉంటుందని. అదే నూనె మా చేతుల నుంచి నేసిన బట్టకు అంటితే మాత్రం మచ్చ. మచ్చ పడ్డ చీరను షావుకారు తీసుకోడు. అందుకని మగ్గం ఆపే అమావాస్య నాడే మాకు తలకు నూనె. అది కూడా సాయంత్రానికల్లా కుంకుడు రసంతో కడిగేసుకోవాలి. దారానికున్న మర్యాద మాకు లేదు.

ఇంట్లో లెక్క నెలకో అమావాస్య. బడిలో లెక్క వారానికో సోమవారం. ప్రార్థన కాగానే మా టీచర్ ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి, చూపుడువేలితో ఒక్కొక్కరి పాపిట గీసి చూసేది. వేలికి జిడ్డు అంటకపోతే స్కేలు నిలువుగా తిప్పి చేతి కణుపుల మీద కొట్టేది. "ఇంట్ల నూనెకు కరువచ్చిందానే? చీపురుకట్ట లెక్క అచ్చినవ్" అనేది. క్లాసంతా నవ్వేది. నాలుగో తరగతి అంతా నా పేరు చీపురే. ఇంట్లో నూనె పెట్టుకుంటే బాపు కొడతాడు, పెట్టుకోకపోతే టీచర్ కొడుతుంది. ఇద్దరి మధ్యా నన్ను కాపాడింది అత్తమ్మ.

అత్తమ్మ బాపుకు సొంత చెల్లెలు. ఆమె భర్త భివండీకి పవర్‌లూమ్ పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చి, రాట్నం ముందు కూర్చుని మగ్గానికి దారం కండెలు చుట్టేది. తిన్న తిండికి రెండింతలు చేసేది. ఆమెకు మిగిలిన ఆస్తి జుట్టొక్కటే. జడ వేస్తే మోకాళ్ళు దాటేది. నేను ఈ ఇరవై ఏళ్ళలో ఎన్ని వందల తలలు ముట్టానో, అలాంటి జుట్టు మళ్ళీ చూడలేదు.

ట్రంకుపెట్టె అడుగున ఆమెకు సొంత నూనె బుడ్డి ఒకటి ఉండేది. తడి జుట్టు ఎప్పుడూ దువ్వేది కాదు. చిక్కులు వేళ్ళతోనే తీసేది, కొసల దగ్గర మొదలుపెట్టి పైకి. కుదుళ్ళకు వేళ్ళతో నూనె పట్టించి, కొసలకు ఇంకొంచెం రాసి, పాత చీరముక్కతో జడను గట్టిగా చుట్టేసేది. తర్వాత చేతులు సీకాయ పొడితో మోచేతుల దాకా మూడుసార్లు కడిగి, వేళ్ళు వాసన చూసుకుని, అప్పుడు రాట్నం ముట్టేది. ఆమె చేతుల నుంచి ఏ చీర మీదా ఒక్క మచ్చ పడలేదు. నేను పార్లర్‌లో చేసేదంతా ఆమెను చూసి నేర్చుకున్నదే. కోర్సు చేశానని గోడకు సర్టిఫికెట్ తగిలించుకున్నాను గానీ, అది గోడ కోసం.

సోమవారం పొద్దున ఆమె గుడ్డపేలిక కొసకు ఒకే ఒక్క చుక్క నూనె తీసుకుని నా పాపిటలో మాత్రం గీసేది. తలంతా పొడిగానే ఉండేది. టీచర్ వేలికి మాత్రం జిడ్డు అంటేది. "గీ ముచ్చట మనిద్దరికే ఎరుక" అనేది నా చెవిలో.

ఆమె తలంటుకుని వాకిట్లో జుట్టు ఆరబెట్టుకుంటే దారిన పోయే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చూసి ఊరుకుంటారా? "మొగడు ఒదిలేసినదానికి గింత జడ ఎవలి కోసమే?" అనేవాళ్ళు. మా అవ్వ, అంటే అమ్మ, ఆ మాటను జాగ్రత్తగా మోసుకొచ్చి బాపుకు అన్నంతోపాటు వడ్డించేది. అవ్వ జడ చిటికెనవేలంత. బాపు మాట్లాడకుండా నమిలేవాడు. ఆ నమలడంలో ఏం పెరుగుతోందో నాకు ఆ వయసులో తెలియదు.

చలికాలంలో ఒక ఆదివారం అత్తమ్మ దగ్గరివాళ్ళ దినాలకని తొగుట పోయింది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాదు. సోమవారం పొద్దున నా పాపిటకు దిక్కు లేదు. ట్రంకుపెట్టెకు తాళం ఉంది. గంజిలో పోసే నూనె సీసా తీశాను. చలికి నూనె గడ్డకట్టి తెల్లగా ఉంది. స్పూను కాడతో తవ్వి, అరచేతుల్లో నలిపి కరిగించి, తలంతా రాసేసుకున్నాను. ఒక్క చుక్కతో ఎలా సరిపెట్టాలో నాకు తెలియదు. తెలిసినా ఆగేదాన్ని కాదేమో, అంత ఆశ నాకు. కారుతున్న నూనె కనిపించకుండా మంకీటోపీ పెట్టుకున్నాను. బయటికి పోతూ, రోజూ చేసే పనే చేశాను. మగ్గం మీద చివరగా నేసిన గొల్లభామను మూడు వేళ్ళతో తడిమాను.

ఆరోజు టీచర్ టోపీ తీయించి నా పాపిట గీసి, వేలు చూసుకుని, "ఇగో, గిట్లుండాలె" అంది క్లాసంతటికీ వినబడేట్టు. నన్ను బడిలో మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఇంటిదాకా ఎగురుకుంటూ వచ్చాను.

బాపు మగ్గం ముందు నిలబడి ఉన్నాడు. గంధం రంగు చీర మీద, బొమ్మ పక్కన, మూడు మచ్చలు దుమ్ము పట్టి తేలాయి. అవ్వ గడపలో ఉంది. తొగుట నుంచి వచ్చిన అత్తమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది.

"ఎవలు ముట్టిన్రు?" అన్నాడు బాపు. నా వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు. ఎవలు?"

టోపీ తీయకుండానే, "అత్తమ్మ" అన్నాను.

భయపడి అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. భయం సగమే. మిగతా సగం లెక్క. అత్తమ్మను ఎలాగూ అందరూ ఏదో ఒకటి అంటూనే ఉంటారు, ఇంకొకటి అంటే ఏమవుతుంది అనుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకు అంత లెక్క తెలుసు. నా మీద నాకు అసహ్యం కలిగేది అక్కడే.

అత్తమ్మ నా ముఖంలోకి చూసింది. పొద్దున తొగుటలో ఉన్నానని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. బాపు చీర వైపు కూడా చూడకుండా, "ఇంట్ల ఉండాల్నంటె గా జడ ఉండద్దు" అన్నాడు. అవ్వ కత్తెర కోసం వెతకలేదు. అది అప్పటికే చేతిలో ఉంది.

దారం కత్తిరించే చిన్న కత్తెర. అంత జడకు అది చాలలేదు. అవ్వ కొద్దికొద్దిగా కొరుకుతూ పోయింది. చాలాసేపు పట్టింది. "జర నెమ్మది వదినె, గుంజుతున్నది" అని ఒక్కసారి అంది అత్తమ్మ. నేను టోపీ చెవుల మీదికి లాక్కుని నిలబడి చూశాను.

వారం తిరక్కముందే వెంట్రుకలు కొనే మనిషి బండి మీద స్టీలు సామాన్లు కట్టుకుని సందులోకి వచ్చాడు. రాలిన వెంట్రుకల ఉండలు చూసే అతనికి అంత జడ చూడగానే కళ్ళు పెద్దవయ్యాయి. అవ్వకు మూతతో సహా పెద్ద గిన్నె ఇచ్చాడు. నాకు ఊదుకునే ఎర్రబుగ్గ ఒకటి ఇచ్చాడు. నేను తీసుకున్నాను. సాయంత్రం దాకా ఆడుకున్నాను కూడా. ఆ రాత్రి అన్నం ఆ గిన్నెలోనే వండారు. అత్తమ్మ కూడా తింది.

ఆ తర్వాత ఆమె జుట్టు మెడ దాటితే చాలు, అవ్వ కత్తెర తెచ్చేది. అత్తమ్మ తనే వచ్చి కూర్చునేది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అడిగితే అన్నం పెట్టింది. నా తల మాత్రం మళ్ళీ ముట్టలేదు. సోమవారాలు స్కేలు దెబ్బలు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరికి చెప్పుకుంటాను?

బాపు పోయాక తమ్ముడు మగ్గం పీకించి ఆ జాగాలో దుకాణం పెట్టాడు. అవ్వ వాడి దగ్గర ఉంది. రాట్నం లేని ఇంట్లో అత్తమ్మతో ఎవరికీ పని లేకపోయింది. నేను తీసుకొచ్చుకున్నాను. అందరూ నా మంచితనం అనుకున్నారు. నేను ఖండించలేదు. నేను వేరు కాపురం పెట్టినప్పుడు, "మంచి స్టీలు, తీస్కపో" అని అవ్వ ఇచ్చిన ఆ గిన్నె అప్పటికే నా ఇంట్లో ఉంది. అత్తమ్మ రాకముందే పాత సామాన్లవాడికి ఇచ్చేయాలనుకుని మరిచిపోయాను. ఆమె వచ్చిన మూడో రోజున గుర్తొచ్చి చాటుగా తీస్తుంటే చూసింది. "ఉండనీ. అది నా గిన్నె" అంది.

మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం అడుగుతూనే వచ్చాను. "అత్తమ్మా, తలకు జర నూనె పెడ్తనే?" ఆమెదీ ఒకటే జవాబు. "ఏమున్నదని పెడ్తవ్?" తెల్లబడి, ఎండిపోయి, పిచ్చుక గూడులా ఉండేది తల. చుండ్రుతో గోక్కునేది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నూనె రాసే దాన్ని, నా ఇంట్లో ఒక్క తల నన్ను రానివ్వలేదు. నాకు కావాల్సింది ఆమె జుట్టు బాగుపడడం కాదు, చెప్పేస్తున్నాను. ఒక్కసారి ఆమె తన తల నా చేతుల్లో పెడితే, ఆ మచ్చ పోయిందని అనుకుందామని నా ఆశ.

మొన్నటి చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, గడ్డకట్టిన నూనె సీసాను కరగడానికి పిట్టగోడ మీద ఎండలో పెట్టాను. అత్తమ్మ పీట తెచ్చుకుని నా ముందు, వీపు నా వైపు తిప్పి కూర్చుంది.

"పెట్టు" అంది.

ఆమె నేర్పినట్టే చేశాను. చిక్కులు వేళ్ళతో, కొసల నుంచి. నూనె కొద్దికొద్దిగా. చెవుల వెనక, మెడ గుంటలో, ఎక్కడా గోరు తగలకుండా. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ తలా ముట్టలేదు. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"అత్తమ్మా, ఆనాడు చీర ముట్టింది నేనే" అన్నాను.

"మల్ల? నాకు తెల్వదా?"

"నువ్వెందుకు జెప్పలే?"

"ఎవలికి జెప్పాలె? టోపీల కెల్లి నీ చెంపల మీదికి నూనె కారుతుండె. ఇల్లంత నీ వాసనే. మీ బాపుకు కండ్లు లేవా? గా టోపీని మీ అవ్వ రెండుసార్లు ఉతికింది, నా ముందల్నే."

నా చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్ళుగా వాళ్ళందరినీ మోసం చేశానని బతుకుతున్నాను. ఎవరూ మోసపోలేదు. వాళ్ళకు కావాల్సింది ఒక సాకు. దాన్ని వాళ్ళ చేతికి ఇచ్చింది నేను.

"నేనే అని నువ్వు జెప్తె నీకు రెండు దెబ్బలు పడుతుండె, గంతే" అంది వీపు అలాగే ఉంచి. "వాళ్ళ సంగతి నాకు ముందుగాల్నే ఎరుక. నువ్వు జెప్పవని మాత్రం అనుకోలే."

నూనె ఆమె నుదుటి మీదికి జారింది. వేలితో తుడిచాను.

"అయిందా పెట్టుడు?"

"అయింది."

"ఇగ కడుగు."

"ఇప్పుడే పెట్టిన గదనే. సాయంత్రం దాక ఉంటె మంచిగుంటది."

"కడుగమన్న."

వేడినీళ్ళు తెచ్చి, షాంపూ పెట్టి కడిగాను. ఆమె చూపుడువేలితో పాపిట గీసుకుని వాసన చూసుకుంది. "ఇంక ఉన్నది. మల్ల పొయ్యి" అంది. మళ్ళీ కడిగాను. మళ్ళీ గీసుకుని వాసన చూసింది. మూడోసారి కూడా కడిగాక, ఆ మూడేళ్ళ ఎండుతనమే తిరిగి వచ్చాక, తువాలు తల మీద వేసుకుని లేచింది. గడప దాకా పోయి ఆగింది.

"నీ చేతులు గూడ కడుక్కో" అంది. "మోచేతుల దాక."