బొమ్మలో గిన్నె అడుగు

హౌరాలో మా నాన్న పనిచేసే జూట్ మిల్లుకి లాకౌటు పడిన ఏడాది, మధ్యాహ్నాలు మా ఇంటికి ఒక చిత్రకారుడు భోజనానికి వచ్చేవాడు. బెంగాలీ. మిల్లు గేటు ముందు కార్మికులతో పాటే కూర్చుని వాళ్ల బొమ్మలు వేసేవాడు. పేదవాళ్ల గురించి ఆయన మాట్లాడుతుంటే నాన్న కన్నార్పకుండా వినేవాడు. నేనూ వినేదాన్ని. మనిషంటే ఇలా ఉండాలని ఎనిమిదో తరగతిలోనే తీర్మానించేసుకున్నాను. తీర్మానాలకేం, ఆ రోజుల్లో మా బస్తీలో వారానికొకటి చేసేవారు.

అమ్మ ఆయన్ని దాదా, అంటే అన్నా, అనేది. ఆయన అమ్మని బౌదీ, అంటే వదినా, అని పిలిచేవాడు. మా శ్రీకాకుళం పప్పుచారుకి మొహం వాచినట్టు తినేవాడు. అమ్మ గిన్నె తనవైపు వంచుకుని వడ్డించేది. లోపల ఎంత ఉందో వచ్చినవాళ్ల కంట పడకూడదని ఆవిడ పట్టుదల. పిల్లలం, నాన్న ముందే తినేసేవాళ్లం. అమ్మ ఎప్పుడు తినేదో మేమెవరం అడగలేదు.

మిల్లు తెరిచిన కొన్నాళ్లకి కలకత్తాలో ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టారు. అమ్మ బొమ్మ కూడా వేశానని, అందరూ రావాలని ఇంటికొచ్చి పిలిచాడు. అమ్మ పెళ్లి పట్టుచీర కట్టుకుంది. లాంచీ ఎక్కి హుగ్లీ దాటాం. దారంతా నాన్న ఆవిడని ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"ఇంక నువ్వు మాతోటి మాటాడతావేటి? గోడకెక్కీసినావు."

హాల్లో అన్నిటికన్నా పెద్ద బొమ్మ అమ్మదే. వెలిసిపోయిన చీర, రేగిన జుట్టు. పొయ్యి పక్కన ఒక్కతీ కూర్చుని, ఖాళీ గిన్నెలో అంటుకున్న మెతుకులు వేళ్లతో తుడుచుకుంటోంది. గిన్నె అడుగు స్పష్టంగా కనబడుతోంది. కింద 'ఆకలి' అని రాశారు. ఎవరో ఒకావిడ దాని ముందు నిలబడి కళ్లు ఒత్తుకుంటోంది. పక్కనే పట్టుచీరలో ఉన్న మా అమ్మని ఆవిడ గుర్తుపట్టలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మమ్మల్ని ముష్టివాళ్లని చేసి నలుగురిలో నిలబెట్టాడనిపించింది.

"అంతా అబద్ధం. రోజూ మనింట్లో తిని ఇలాగేస్తాడేటి?" అన్నాను.

అమ్మ చాలాసేపు బొమ్మనే చూసింది.

"అబద్దం కాదే. ఆ నెలల్లో దాదా తినీసినాక నాకు మిగిలింది అదే. ఎవులికీ తెల్దనుకున్నాను. అయితే తెలిసే తిన్నాడన్నమాట," అంది.

నాన్న తల దించుకున్నాడు. ఇంతలో చిత్రకారుడు జనం మధ్యనుంచి నవ్వుతూ వచ్చి, ఎలా ఉంది బౌదీ అని అడిగాడు. బాగుంది దాదా అంది అమ్మ.

నిజంగానే బాగుంది. ఇన్నేళ్లయినా నా కడుపుమంట చల్లారనిది అందుకే. చెత్త బొమ్మయితే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. తర్వాత ఎన్నో బొమ్మలు చూశాను, ఆకలిని అంత ఉన్నదున్నట్టు వేసినవాళ్లు నాకు కనబడలేదు. భోంచేసి, వీధి కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుని తిరిగొస్తూ గుమ్మం పక్కన ఆగి అమ్మని చూసి ఉంటాడు. ఒక్కసారి చూస్తే ఆ వేళ్లు అలా రావు. చూసినవాడు మర్నాడు మళ్లీ వచ్చి, పీట మీద కూర్చుని, ఇంకొంచెం పెట్టు బౌదీ అనేవాడు.