ముందు ముడి

పంచెను కూడా వెల్క్రోతో అతికించుకునే కాలం వచ్చిందని నాకు ఒళ్లుమంట. అందుకే కంకిపాడులో పంచెకట్టుతో బస్సెక్కి నా పక్కన కూర్చున్న కుర్రాణ్ణి ఊరికే వదల్లేదు.

"ఏమయ్యా, అతికించిందేనా?"

"కాదండీ, కట్టుకున్నదే. మా తాతగారి పంచెలండీ, హాయిగా ఉంటాయి. ఆఫీసుకీ ఇవే. నిన్న లిఫ్టులో ఊడిపోతే అందరూ నవ్వారు. ఇవాళ కూడా ఊడిందంటే ఇక జన్మలో కట్టనండీ."

"నడుం దగ్గర ముడి వేశావా?"

"ముడేంటండీ? వీడియోలో దోపుకోమనే చెప్పారు."

"ముందు ముడి, తర్వాతే కుచ్చిళ్లు! ఆ మాత్రం చెప్పని వీడియో ఎందుకయ్యా?"

బెంజ్ సర్కిల్లో ఇద్దరం దిగాం. మూసి ఉన్న కొట్టు పక్కకు తీసుకెళ్లి, ముడి బిగించి, కుచ్చిళ్లు పోసి, వెనక గోచీ దోపాను. "ఇప్పుడు పరిగెత్తు" అన్నాను. నిజంగానే నాలుగడుగులు పరిగెత్తి వచ్చాడు. పంచె కదల్లేదు.

అతని చూపు నా ప్యాంటు మీద పడింది. "ఇంత బాగా కడతారు, మరి మీరు మానేశారేంటండీ?"

"పంచెతో బస్సెక్కడం కష్టమయ్యా."

నాతోపాటు అదే బస్సు దిగిన ఆ కుర్రాడు నవ్వి, దణ్ణం పెట్టి, కుచ్చిళ్లు ఎడంచేత్తో పట్టుకుని రోడ్డు దాటాడు.

ఆ మాట నేను మళ్లీ ఎవరితోనూ అనలేదు.