పసుపు పూసిన ఎడ్ల కేసు

మా వాడ చివర కల్లంలో పసుపు ఉడకబెడుతున్నారు. పొద్దున్నుంచి ఆ ఆవిరి నా వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తూనే ఉంది. ఆర్మూరు చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఇది పంట వాసన, మార్కెట్ యార్డు వాసన. నాకు మాత్రం ఎడ్ల వీపుల వాసన. తడి వెంట్రుకల మీద పసుపూ వేపనూనే కలిసి ఆరుతుంటే వచ్చే ఘాటు అది. ఆ వాసన తగిలిందంటే నా చెవి గోడ అవతలికి పోతుంది, ముత్తవ్వ దగ్గు వినిపిస్తుందేమోనని. ముత్తవ్వ పోయి రెండు వానాకాలాలు గడిచాయి. చెవికి ఆ సంగతి ఇంకా తెలియలేదు.

ముత్తవ్వ నాకు చుట్టం కాదు. గోడకు అవతలి మనిషి. అయినా అత్తా అనే పిలిచేదాన్ని. సన్నగా, పొడుగ్గా ఉండేది. పొద్దంతా బీడీలు చుట్టేది, పొద్దు వంగాక ఎడ్ల పని చూసుకునేది. కోడెదూడలను కొని, పెంచి, నాగలి నేర్పి, జతలు చేసి అమ్మడం మా ఊళ్లో కొన్ని ఇళ్లకు బతుకుదెరువు. కొనేవాళ్లు ఎక్కువగా నవీపేట్ దాటి, గోదావరి దాటి, మహారాష్ట్ర వైపు నుంచి వచ్చేవారు. అక్కడ నల్లరేగడి నేలలో శనగ విత్తడానికి ఇప్పటికీ ఎడ్లే కావాలంటారు. నా భర్త పోయిన ఏడు నాకు ఆ పని నేర్పింది ముత్తవ్వే. అప్పటిదాకా ఎద్దు ముక్కుతాడు పట్టుకోవాలన్నా భయపడేదాన్ని. ఆమె తాడు నా చేతిలో పెట్టి, నువ్వు భయపడుతున్నవని దానికి చెప్పకు, అంతే, అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేనూ ఆ ఎద్దూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాం.

లంపీ రోగం వచ్చిన ఏడు నా దగ్గర ఒక జత తయారుగా ఉంది. తెల్లది ఒకటి, బూడిదరంగుది ఒకటి. గోదావరి అవతలి రైతు ఒకాయన వచ్చి చూసి, శనగ విత్తే ముందు తీసుకుపోతానని మాటిచ్చి వెళ్లాడు. అంతలో రోగం సంగతి తెలిసింది. పశువుల ఒంటి మీద గడ్డలు లేస్తాయనీ, జ్వరం వస్తుందనీ, ఈగలూ దోమలూ ఒకదాని నుంచి ఒకదానికి అంటిస్తాయనీ చెప్పారు. పశువుల దవాఖాన వాళ్లు వచ్చి టీకాలు వేశారు. అది మేకల మశూచికి వేసే టీకానే అని తెలిసి ఊరంతా నవ్వింది. సూది వేసిన మర్నాడు ముత్తవ్వ తన ఎద్దు గంగడోలు నిమురుతూ, జర మాట్లాడు కొడుకా, మే అంటవా, అంబా అంటవా అని అడిగింది.

నవ్వింది గానీ ఆమెకు భయం పోలేదు. ఈగలు వాలకుండా పశువులన్నిటికీ పసుపూ వేపనూనే పూయాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. రోగం ఉన్నవాటికే కాదు, లేనివాటికి కూడా. పసుపుకు మా ఊళ్లో కరువా? కొమ్ముల మొదలు నుంచి తోక దాకా పూశాం. రెండు రోజుల్లో ఊళ్లో పశువులన్నీ పెళ్లికి తయారైనట్టు పచ్చగా అయ్యాయి.

రోగం ఎక్కడెక్కడ ఉందో రాసుకునే సర్కారు వాళ్లు ఆ రోజుల్లోనే వచ్చారు. వాన పడుతోంది. బండి దిగలేదు. పశువుల మీద పసుపు మరకలు చూసి, గడ్డలకు మందు రాశారనుకున్నారు. అలాగే రాసుకుని పోయారు. వారం తిరిగేసరికి మా ఊరు రోగమున్న ఊళ్ల జాబితాకు ఎక్కింది. ఆ జాబితాలోని ఊళ్ల నుంచి ఒక్క పశువు కూడా రాష్ట్రం దాటకూడదని హుకుం వచ్చింది. హద్దు దగ్గర చెక్‌పోస్టు పెట్టారు. నిషేధం ఎప్పటిదాకా అని అడిగితే ఎవరూ చెప్పలేదు.

మక్కచొప్ప వానకు తడిసి బూజు పట్టింది. జతకు నెల రోజుల మేత కూడా లేదు. శనగ విత్తే రోజులు దాటితే అవతలి రైతు ఇంకో ఊళ్లో ఇంకో జతను చూసుకుంటాడు. అప్పుడు వచ్చేది దళారి ఒక్కడే. వాడికి ఇచ్చిన ఎడ్లు నాగలికి పోవు. ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు. నేను పాలు పట్టి పెంచిన ఎడ్లను అలా పంపడమా అని కొట్టంలో కూర్చుని ఏడుస్తుంటే ముత్తవ్వ వచ్చింది. తన చేతులు చూసుకుంది. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు.

"గీ పసుపు నా చేతిదే పిల్లా. నేను పూయించిన, నేనే కడుగుత," అంది.

ముందు పశువుల శాఖ ఆఫీసుకు పోయింది. నేనూ వెంట పోయాను. జాబితా పైకి పోయిందనీ, తమ చేతిలో ఏమీ లేదనీ అన్నారు. ఒకసారి వచ్చి కళ్లతో చూడండి, నేను కడిగి చూపిస్త అని ఆమె ఎంత చెప్పినా, పైనుంచి ఆర్డరు రావాలన్నారు. ఊళ్లో పెద్దమనిషి ఒకాయన నవ్వాడు. బీడీలు చుట్టే ముసల్ది సర్కారు మీద కేసేస్తదట అని నలుగురిలో అన్నాడు. అప్పటిదాకా కేసు మాట ఆమె నోట రానేలేదు. ఆయన అన్నాకే ఆమెకు తోచింది. ఆ మాట తర్వాత ఆయనకే చెప్పి, మంచి సలహా ఇచ్చినవు పటేలా అని దండం కూడా పెట్టింది.

ఆర్మూరు కోర్టు ఎదురుగా ఒక వకీలమ్మ ఉండేది. హైదరాబాదులో హైకోర్టుకు పోయే వకీలుతో కలిసి పని చేసేది. మేము చెప్పింది విని, రోగం వస్తే పశువులను ఆపే హక్కు సర్కారుకు ఉంది, దాని మీద మనం కొట్లాడలేం అంది. చూడకుండా జాబితాలో రాశారన్న దాని మీద మాత్రం కొట్లాడవచ్చునంది. ఏ ఎద్దు ఎవరిది, రంగేమిటి, చెవి బిళ్ళ ఏ వైపుది, టీకా ఎప్పుడు వేశారు, అన్నీ కావాలని అడిగింది. మా దగ్గర కాగితాలు సగం ఉన్నాయి, సగం వానకు తడిసిపోయాయి. వకీలమ్మ పెన్ను కింద పెట్టబోయింది.

ముత్తవ్వ నన్ను మోచేత్తో పొడిచింది. "చెప్పవే. గీమె మూడో తరగతే సద్విందమ్మా, గని ఊరి రిజిస్టరంత గీమె నోట్ల ఉన్నది."

నాకు అలాంటి గుర్తు చిన్నప్పటి నుంచీ ఉంది. అది ఎవరికైనా పనికొస్తుందని అప్పటిదాకా అనుకోలేదు. కళ్లు మూసుకుని మా వాడ మొదటి ఇంటి నుంచి నడుచుకుంటూ వచ్చినట్టు చెప్పాను. కొమ్ము విరిగిన ఎర్రది, నొసట చుక్క ఉన్నది, బతుకమ్మ మొదలైన రోజు సూది వేయించుకుని నన్ను తన్నినది. వకీలమ్మ రాస్తూనే ఉంది. దవాఖాన రిజిస్టరు తెప్పించి పోల్చి చూస్తే ఒక్కటీ తప్పు పోలేదు. ఆ పూట కోర్టు గేటు దగ్గర చాయ్ తాగుతుంటే నేను కాస్త ఎత్తు పెరిగినట్టు అనిపించింది.

మర్నాడు వకీలమ్మ కాగితం చదివి వినిపించింది. మా ఊళ్లో రోగమున్న పశువు ఒక్కటి కూడా లేదు అనే మాట దగ్గరికి రాగానే ముత్తవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. తన కొట్టంలో ఒక దూడకు గడ్డలు లేచాయని చెప్పింది. ఆ సంగతి నాకు తెలుసు. ఊళ్లో సగం మందికి తెలుసు. దాన్ని వేరుగా కట్టేసింది, దోమతెర కట్టింది, రోగం తగ్గుముఖం పట్టింది, ఎవరూ అడగలేదు. అడగంది ఎందుకు చెప్పాలి? వకీలమ్మ కూడా ఆ మాట రాస్తే కేసు బలం తగ్గుతుందనీ, నీ కొట్టాన్నే మూసేస్తారనీ నచ్చజెప్పింది. నేను ముత్తవ్వ కొంగు పట్టుకుని లాగాను. నా ఎడ్ల కోసం లాగాను, అబద్ధమెందుకు.

ముత్తవ్వ నా వైపు తిరగలేదు. వకీలమ్మతోనే మాట్లాడింది.

"వాళ్లు సూడకుండ రాసిన్రనే గదమ్మా మన కొట్లాట. మనం సూసి గుడ రాయకపోతే, వాళ్లకు మనకు ఏం ఫరక్? ఒక్కటున్నది. ఒక్కటే ఉన్నది. గట్లనే రాయి."

అలాగే రాశారు. వేలిముద్ర పెట్టమంటే మూడుసార్లు పెట్టినా ముద్ర పడలేదు. బీడీలు చుట్టి చుట్టి ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ గుడ నన్ను గుర్తుపట్టది బిడ్డా, నువ్వన్న పట్టు అని నవ్వింది. నాలుగోసారి పెట్టిన ముద్రలో సిరా అంచున సన్నగా పసుపు కూడా అంటుకుంది.

హైకోర్టు నిషేధాన్ని కొట్టేయలేదు. అది ఎవరూ అనుకోలేదు కూడా. ఊరిని మొత్తంగా జాబితాలో పెట్టడం కాదు, పోయి ఒక్కో పశువునూ చూడండి, రోగం లేనివాటికి, టీకా వేసి నెల దాటినవాటికి పోవడానికి చీటీ ఇవ్వండి అంది. దూడ ఉన్నదని పిటిషన్ వేసిన ఆమే చెప్పుకుంది కనుక, మిగతా మాట కూడా చూడదగ్గదే అని జడ్జి అన్నాడట. వకీలమ్మ ఫోన్లో ఆ మాట రెండుసార్లు చెప్పింది.

డాక్టర్లు వచ్చిన పొద్దున ఊరంతా బోరింగు దగ్గర పశువులను కడిగింది. కాలువలో నీళ్లు పచ్చగా పారాయి. ఈసారి వాళ్లు బండి దిగి, కొట్టాల్లోకి వచ్చి, మెడ కిందా పొదుగు పక్కా చేత్తో తడిమి చూశారు. దూడ ఒక్కదానికే రోగమని తేలింది. ఊరు జాబితాలోంచి బయటికి వచ్చింది. ముత్తవ్వ కొట్టం మాత్రం మూతపడింది. ఆమె జత ఆ ఏడు గోదావరి దాటలేదు. ఆ రోగం ఆమె ఎడ్లకు అంటనే లేదు, అయినా దాటలేదు. ఆమె వాటిని దళారికి ఇవ్వలేదు. నేనూ ఇంకో నాలుగిళ్ల వాళ్లూ మిగిలిన చొప్ప తెచ్చి ఆ చలికాలమంతా మేపాం. కేసేస్తదట అని నవ్విన పటేలు కూడా ఒక బండి గడ్డి పంపాడు.

నా ఎడ్లను లారీ ఎక్కించే రోజు ఆమె గోడ అవతలే నిలబడింది. రోగమున్న కొట్టం మనిషిని, దగ్గరికి రాను అంది. నేను గోడ దగ్గరికి పోయి, ఆ మాట రాయించకపోతే నీ జత కూడా గోదావరి దాటిపోయేది గదా అత్తా అన్నాను. కొంగు లాగిన సంగతి చెప్పుకుందామని నోరు తెరిచాను. ఆమె నన్ను చెప్పనివ్వలేదు.

"రాయించకపోతే నీది గుడ పోయేది గాదు," అంది. లారీ వైపు చూసి, "తెల్లదానికి ఎడమ పక్క కట్టుడు అలవాటని గా రైతుకు చెప్పు. మర్వకు," అంది.

మరిచిపోలేదు. ఆ తర్వాత ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టానో, ప్రతిదీ మొదటి నుంచి చివరి దాకా చదివించుకునే పెట్టాను. పోయిన నెల పశువుల లెక్క రాసే అమ్మాయి వచ్చి గేటు దగ్గరే నిలబడి ఎన్ని ఉన్నాయి ఆంటీ అని అడిగింది. లోపలికి రమ్మన్నాను. ఎండగా ఉందంది. నీళ్లిచ్చి మరీ కొట్టంలోకి తీసుకుపోయి, ముందు కుంటుతున్న దాన్ని చూపించి, తర్వాత బాగున్నవాటిని చూపించాను.

పసుపు ఇప్పటికీ పూస్తాను. పుండున్న చోటే పూస్తాను.