చూడీ చూస్కో, బిడ్డా

నా చిన్నప్పుడు, రాంగోపాల్‌పేట్‌లో మా వాకిలి నుంచి మౌలాలిలోని ఒక బడి గేటు వరకు దూరం తొమ్మిది కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. ఇది ఉజ్జాయింపుగా చెబుతున్న లెక్క కాదు. జూన్ నెలలో ఒక ఆదివారం ఉదయం అమ్మ తన పాత మోపెడ్ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆ దారిన ఒకసారి వెళ్లి వచ్చింది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మీటరు చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. వెళ్లడానికి ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది, రావడానికి ముప్పై ఒకటి. ఎక్కువైన ఆ మూడు నిమిషాలూ మెట్టుగూడ దగ్గర ఒక పెళ్లి బ్యాండు తీసుకుంది. నాకప్పుడు పదకొండేళ్లు.

అంత జాగ్రత్తగా దారిని కొలవడానికి కారణం ఉంది. నాన్నను కాకినాడ నుంచి ఇక్కడికి రప్పించిన కంపెనీ మూతపడి అప్పటికి ఏడు నెలలు. ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వెళ్లి, సాయంత్రం ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చేవారు. అమ్మ బీఎస్సీ చదివింది గాని అంతవరకూ ఉద్యోగం చేయలేదు. మౌలాలి బడిలో సైన్సు టీచరు పోస్టు ఒకటి ఖాళీ అయింది. దానికి ముగ్గురు పోటీ. అమ్మకు శనివారం ఉదయం తొమ్మిదింబావుకు పిలుపు వచ్చింది. ఒక్క క్లాసు చెప్పాలి, హెడ్‌మిస్ట్రెస్ వెనక బెంచీలో కూర్చుని వింటుంది, అంతటితో తేలిపోతుంది. ఆలస్యమైతే మరో రోజు ఇవ్వబోమని ముందే చెప్పారు. బస్సులో వెళ్లాలంటే స్టేషన్ దగ్గర మారాలి, ఆ రెండో బస్సు ఎప్పుడు వస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. అందువల్ల ఇంటిల్లిపాది ఆశా ఆ మోపెడ్ మీదే ఉంది. మోపెడ్ మాత్రం వారం రోజులుగా పొద్దున్నే మొరాయిస్తోంది.

మా గోడను ఆనుకుని పక్కింటి తాతగారి రేకుల షెడ్డు ఉండేది. వాళ్లు తరతరాలుగా ఇక్కడివారే. కంటోన్మెంటు బంగళాలలో గడ్డి కోసే యంత్రాలు, మందు కొట్టే పంపులు, దుకాణాలవాళ్ల చిన్న జనరేటర్లు, మోపెడ్లు మరమ్మతుకు ఆయన దగ్గరికి వచ్చేవి. ఇద్దరు కలిసి ఎత్తలేని ఇంజనును ఆయన ముట్టుకునేవారు కాదు. “పెద్దింజను కోపం జేస్తది, చిన్నింజను అలుగుతది. అలిగినోళ్లను కొడ్తరా బిడ్డా?” అనేవారు.

గురువారం సాయంత్రం నేనే మోపెడ్‌ను తోసుకెళ్లి ఆయన ముందు నిలబెట్టాను. తాతగారు వెంటనే పానా పట్టుకోలేదు. ఇంజను మీద అరచేయి ఆనించి చూసి, వేడి పూర్తిగా దిగేదాకా చాయ్ తాగుతూ కూర్చున్నారు. అల్యూమినియం మెత్తని లోహమనీ, వేడి మీద ప్లగ్గు విప్పితే అది గాయపడుతుందనీ చెప్పారు. తరువాత ప్లగ్గు తలమీది టోపీని తీశారు. వైరు పట్టి లాగకుండా, టోపీనే పట్టి లాగారు. ప్లగ్గు మొదట్లో పేరుకున్న మట్టిని కుంచెతో దులిపి, నోటితో ఊదారు. ముందే దులపకపోతే ఆ ఇసుక సిలిండరులో పడి లోపలి గోడల్ని గీరేస్తుందట. గొట్టం పానాతో అర చుట్టు వదులు చేసి, మిగతాదంతా వేళ్లతోనే తిప్పి ప్లగ్గును బయటికి తీశారు.

ప్లగ్గుకు ముఖం ఉంటుందని, అది చూస్తే లోపలి సంగతి తెలుస్తుందని నేను ఆ రోజే నేర్చుకున్నాను. బిస్కట్ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లబడి ఉంటే వేడి మితిమీరినట్టు. అమ్మ మోపెడ్ ప్లగ్గు నల్లగా, జిడ్డుగా, తడిగా ఉంది. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే బండి అది. ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో అమ్మ ప్రతిసారీ ఒక కొలత ఎక్కువే కలుపుతోంది.

“మీ అమ్మ మూతెడు ఎక్కువ పోస్తాంది. ఒంటికి మంచిదని నెయ్యి పోసినట్టు,” అని తాతగారు నవ్వారు.

తీగల బ్రష్షుతో రుద్ది, పెట్రోలుతో కడిగి, రెండు కొనల మధ్య ఇనుప రంపం బ్లేడు ముక్క దూర్చి ఖాళీని సరిచూశారు. మిల్లీమీటరులో పదింట ఆరు వంతులు. నేను రాసుకున్నాను. తరువాత ప్లగ్గును తిరిగి దాని రంధ్రంలో పెట్టారు. అప్పుడు ఆయన వేళ్లు ఏం చేశాయో అరచేతి చాటున నాకు కనబడలేదు. చెప్పిన మాట మాత్రం వినబడింది. “చూడీ చూస్కో బిడ్డా. చూడీ పోతే అంత పోయినట్టే. సమజైందా?”

నేను తల ఊపాను. నోటుపుస్తకంలో ఆఖరి పంక్తిగా ఇలా రాసుకున్నాను: బిగించే ముందు బాగా చూడాలి.

శుక్రవారం నేను బడి నుంచి వచ్చేసరికి నాలుగు గంటల పది నిమిషాలు. అమ్మ అప్పుడే బజారు నుంచి బండి మీద వచ్చి, నడిమి గదిలో బీరువా అద్దం ముందు నిలబడి మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో అద్దానికి పాఠం చెబుతోంది. రేపటికి అంతా సిద్ధంగా ఉందని నా కళ్లతో చూసి ఆమెకు చెప్పాలనిపించింది. ఎవరూ చేయమనలేదు.

ఇరవై ఐదు నిమిషాలు ఆగి ఇంజను చల్లబడనిచ్చాను. టోపీ పట్టి లాగాను. మట్టి దులిపాను. ప్లగ్గు విప్పి చూస్తే చక్కగా గోధుమ రంగుకు తిరిగి ఉంది. అంటే అక్కడ నేను చేయవలసిన పని ఏమీ లేదు. తిరిగి పెట్టేటప్పుడు తాతగారి మాట గుర్తుంచుకుని నాన్న టార్చిలైటు తెచ్చి, ప్లగ్గునూ రంధ్రాన్నీ అన్ని వైపుల నుంచీ చూశాను. చూడటంలో లోపమేమీ చేయలేదు. పానా తగిలించి తిప్పాను. ఒకటిన్నర చుట్టు తరువాత బిగుసుకుంది. బిగువు మంచిదే అనుకుని, రెండు చేతులతో బరువు వేసి మరో అర చుట్టు తిప్పాను.

పానా తీశాక చూస్తే ప్లగ్గు తెల్లని పింగాణీ ఒక పక్కకు వాలి ఉంది. స్టాండు వేసి పెడలు తొక్కితే ఇంజను బుస్సుమంది, అంతే. వెనక్కి తిప్పి తీశాను. ప్లగ్గుతోపాటు సన్నని వెండి తీగల్లాంటి లోహపు పేలికలు ఊడివచ్చాయి. అల్యూమినియం. టైము నాలుగూ యాభై. అద్దం ముందు అమ్మ సూర్యరశ్మి గురించి చెబుతోంది. పేలికల్ని రుమాలులో మూటగట్టి, మోపెడ్‌ను తాతగారి షెడ్డుకు తోసుకెళ్లాను.

తాతగారు ఆ పేలికల్ని అరచేతిలో వేసుకుని చూశారు. తిట్టలేదు.

“చూడీ చూస్కో అని జెప్పిన గద బిడ్డా.”

“చూశాను తాతగారూ. టార్చిలైటు వేసి మరీ చూశాను.”

“ఏం జూసినవ్?”

“ప్లగ్గు.”

ఆయన నుదుటి మీద కొట్టుకుని, ముక్కాలి పీట మీద కూలబడ్డారు. గుమ్మంలో రెండు గ్లాసుల చాయ్ పట్టుకుని నిలబడిన అవ్వ, తాతగారి భార్య, అందుకుంది. “కాకినాడ పోరికి షెడ్డు బాసల పాఠం జెప్తివి! ఇగ మంచిగైంది. గా చాయన్న తాగు, సల్లగైతాంది.”

తాతగారు చాయ్ సంగతి వినిపించుకోలేదు. నా చూపుడు వేలును పట్టుకుని ప్లగ్గు ఒంటి చుట్టూ మెలిక తిరిగిన మర మీద మెల్లగా నడిపించారు. “గిది చూడీ” అన్నారు. తరువాత అవ్వ ముంజేతిని దగ్గరికి లాగి, ఆమె గాజుల మీద నా వేలు పెట్టారు. “గివి సుత చూడీలే. గాజులు ఎట్లుంటయి? ఒకదాని మీద ఒకటి. మర సుత గంతే. ఉర్దూల గాజులను చూడీ అంటరు, మా మెకానిక్కులు మరను సుత గదే అంటరు.”

మా ఇంట్లో మర అనేదానికి మరో పేరు ఉంటుందని నాకెలా తెలుస్తుంది? చూడీ అంటే చూడమని చెబుతున్నారనుకున్నాను. చూడమన్నారు, చూశాను.

“తప్పు నీది గాదు, నాది,” అన్నారాయన. “సమజైందా అన్న. నువ్వు తలూపినవ్. తలూపుడు సమజవుడు గాదు బిడ్డా. ఏం సమజైందో జెప్పు అని అడగకపోతి.”

ఆ తరువాత ఆయన చేసిన పనిని నేను ఇప్పటికీ వరుస తప్పకుండా చెప్పగలను. సిలిండరు మీది మూతకు, అంటే హెడ్డుకు, నాలుగు నట్లు. వాటిని ఎదురెదురు మూలల వరుసలో కొంచెం కొంచెంగా వదులు చేసి హెడ్డును ఊడదీశారు. బోర్లించి చూపించారు. రంధ్రంలో మర పది చుట్లు. పైనుంచి నేను పాడుచేసినవి రెండు. లోపలి వైపు ఎనిమిది చుట్లూ చెక్కుచెదరలేదు. ఆయన తన డబ్బాలోంచి ఒక పాత ప్లగ్గు తీసి, మూడంచుల ఆకురాయితో దాని మర చుట్లను తెంపుతూ పైనుంచి కిందికి నాలుగు గాళ్లు కోశారు. చెడిన మరను మళ్లీ కోసేవి ఆ గాళ్ల అంచులే; గాళ్ల నిండా గ్రీజు పూశారు. దానిని పైనుంచి కాక లోపలి నుంచి ఎక్కించాలి. చెడని చుట్లు దారి చూపిస్తే, చెడిన చుట్ల దగ్గరికి వచ్చేసరికి ప్లగ్గు నిటారుగానే ఉంటుంది. కోసుకుపోయిన లోహపు పొడి గ్రీజుకు అంటుకుని బయటికి వస్తుంది.

అంతా సిద్ధం చేసి ఆ ప్లగ్గును నా చేతిలో పెట్టారు.

“కండ్లు మూస్కో. చూడీ కండ్లకు కనవడది, ఏళ్లకు కనవడ్తది. ముందుగాల ఎనకకు తిప్పు.”

బిగించవలసినదాన్ని వెనక్కి తిప్పమంటున్నారేమిటో నాకు అర్థం కాలేదు. తల ఊపబోయి ఆగి, “ఎందుకు?” అని అడిగాను. “గట్ల అడుగు,” అని ఆయన సంబరపడ్డారు. మర మొదలు ఎక్కడుందో బిగించేవైపు తిప్పితే తెలియదట. వెనక్కి తిప్పుతూ ఉంటే, రెండు మరల అంచులూ ఒకదాన్నొకటి దాటే చోట ప్లగ్గు చిన్న మెట్టు దిగినట్టు కిందికి జారుతుంది. ఆ మెట్టు దిగిన చోటి నుంచే ముందుకు తిప్పాలి.

కళ్లు మూసుకున్నాను. వెనక్కి తిప్పాను. ముప్పావు చుట్టు వరకు ఏమీ లేదు. అప్పుడు వేళ్ల కింద టక్కుమని ఒక చిన్న దిగుడు. దాని లోతు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ ఉంటుందని నేను చాలా ఏళ్ల తరువాత చదువుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం ఎవరో చీకట్లో నా చేయి పట్టుకుని సరైన మెట్టు మీద నిలబెట్టినట్టు అనిపించింది.

అక్కడి నుంచి పావు చుట్టు ముందుకు, కొంచెం వెనక్కి, మళ్లీ పావు చుట్టు. తాతగారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఒక్కసారి కూడా చేయి వేయలేదు. గుడ్డతో తుడిచి, కొత్త గ్యాస్కెట్ వేసి, నాలుగు నట్లూ బిగించి, కొత్త ప్లగ్గును పైనుంచి ఎక్కించేటప్పుడు నేను అడక్కుండానే కళ్లు మూసుకున్నాను. వేళ్లతోనే పూర్తిగా దిగింది. పానా చివర్లో పావు చుట్టు మాత్రమే అవసరమైంది. ఆరూ నలభైకి, ఇంకా వెలుతురు ఉండగానే, మోపెడ్ మొదటి తొక్కుడుకే అందుకుంది.

అమ్మకు చెప్పవద్దని తాతగారిని బతిమాలాను. ఆ మాటకు మాత్రం ఆయన ముఖం గట్టిపడింది. “నేను జెప్ప. నువ్వు జెప్పాలె. బండి మీద కూసునేది ఆమె గద. అది ఏం బండో ఆమెకు తెల్వకుంటే ఎట్ల?”

రేపు అంత పరీక్ష పెట్టుకున్న మనిషికి ఈ మాట చెబితే ధైర్యం పోతుందేమో. చెప్పకపోతే ఏ తార్నాక దగ్గరో ప్లగ్గు ఊడి ఎగిరిపడితే, ఏం జరిగిందో కూడా ఆమెకు తెలియదు. గోడ పక్కన ఆ ఇరవై అడుగులు నడవడానికి నాకు చాలాసేపు పట్టింది.

అమ్మ మరునాటి చీరకు ఇస్త్రీ చేస్తోంది. మొదటి నుంచి చివరి దాకా, పేలికలతో సహా చెప్పాను. ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి ఆమె అంతా విన్నది. చూడీ దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేకపోయింది.

“మన వైపు చూడి అంటే కడుపుతో ఉన్న ఆవు కదే! అదృష్టం, ఆవును వెతుక్కుంటూ వెళ్లావు కాదు.”

నవ్వుతూనే చీర మడత సరిచేసింది. తరువాత ఒకే ప్రశ్న అడిగింది. “చివరికి బిగించింది ఎవరు? ఆయనా, నువ్వా?”

“నేనే అమ్మా. ఆయన చేయి వేయలేదు.”

“మెట్టు దిగిందా?”

“దిగింది.”

“అయితే బండి మీదే వెళ్తాను.”

శనివారం ఎనిమిదీ ముప్పై ఐదుకు అమ్మ బయలుదేరింది. బండి చప్పుడు వీధి చివర మలుపు తిరిగేదాకా విన్నాను, మలుపు తిరిగాక కూడా విన్నాననే అనుకున్నాను. పన్నెండుకు పది నిమిషాల ముందు తిరిగి వచ్చింది. చెప్పులు విప్పకుండానే, సోమవారం నుంచి రమ్మన్నారని చెప్పింది. నాన్న కుర్చీలోంచి లేచి, ఏం చేయాలో తోచక, ఆమె చేతిసంచీ అందుకున్నారు.

అమ్మ ఆ బడిలోనే రిటైరయింది. నేను యంత్రాల మధ్య ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. నా చేతి కింద పని నేర్చుకున్నవాళ్లెవరినీ “అర్థమైందా” అని అడగలేదు. ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పమన్నాను. అందువల్ల కొందరికి నేను చాదస్తురాలిని. సీసా మూత బిగించినా, నల్లా బిగించినా, ఇప్పటికీ నా చేయి ముందు వెనక్కే తిరుగుతుంది. ఆ చిన్న దిగుడు తగిలేదాకా ముందుకు పోదు.

ఆ శుక్రవారం అయిన ఖర్చు, జరిగిన నష్టం ఇవి: వంకరగా ఎక్కి చెడిన ప్లగ్గు ఒకటి. గాళ్లు కోసిన పాత ప్లగ్గు ఒకటి. గ్యాస్కెట్ ఒకటి. హెడ్డు మరలో రెండు చుట్లు. తాతగారి సమయం ఒక గంట యాభై నిమిషాలు. చాయ్ రెండు గ్లాసులు, ఎవరూ తాగకుండానే చల్లారినవి.