నా భార్యకి నేను వేయని ఓటు

మా పార్టీ శాఖలో అభ్యర్థి కోసం ఎన్నిక జరిగినప్పుడు నిలబడ్డ ఇద్దరిలో ఒకరు నా భార్య. నేను ఆమెకి ఓటు వేయలేదు. వేయనని ఆమెకి ముందే చెప్పాను.

మేం ఉండేది మలాయ్ దేశంలో, పోర్ట్ క్లాంగ్ అనే రేవు ఊళ్ళో. మా తాత సుంగై సుమున్ తోటలో గుమాస్తా, మా నాన్న గుమాస్తా, నేను రేవు దగ్గర గోదాములో సరుకు పత్రాలు చూసే గుమాస్తాని. ఆమెది హుటాన్ మెలింటాంగ్ అనే ఊరు. తండ్రి పడవలు బాగు చేసేవాడు, తల్లి తమిళురాలు. తండ్రి వైపు దూరపు చుట్టరికం ఉండటంతో పెళ్ళికి ముందు నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది. ఒక క్లినిక్‌లో రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఆమె ఉద్యోగం.

ఆ క్లినిక్ ఉన్న భవనంలో నేల తుడిచే ఒక మలాయ్ పెద్దావిడ ఉండేది. ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్ళని మక్చిక్ అంటారు. మేమూ అలాగే పిలిచేవాళ్ళం. పద్నాలుగేళ్ళుగా అదే భవనం, అవే మెట్లు. కానీ రెండు మూడేళ్ళకోసారి కాంట్రాక్టు కంపెనీ మారేది. మారిన ప్రతిసారీ ఆవిడ కొత్తగా చేరినట్టు కాగితం ఇచ్చేవాళ్ళు. భర్తకి జబ్బు చేసి సెలవు అడిగితే, "నువ్వు చేరి నాలుగు నెలలేగా అయింది" అన్నారట. నా భార్య ఆ కంపెనీకి ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. మళ్ళీ రాసింది. ఆ సంగతి ఎలా పాకిందో గానీ, కొన్నాళ్ళకి శనివారం మధ్యాహ్నమయ్యేసరికి మా వసారా నిండా చీపురు పట్టే ఆడవాళ్ళే: మలాయ్‌వాళ్ళు, తమిళులు, ఇద్దరు ముగ్గురు చైనీయులు. నేను టీ కలిపేవాణ్ణి. ఆమె రాసేది.

అప్పుడు రాష్ట్ర శాసనసభ ఎన్నికలు దగ్గర పడ్డాయి. మామూలుగా మా పార్టీలో అభ్యర్థిని పైవాళ్ళే పెడతారు. కానీ మా సీటు వరసగా రెండుసార్లు పోయింది. అందుకని ఈసారి శాఖ సభ్యులనే ఓటు వేసి ఒక పేరు పంపమన్నారు. ఒక పేరు మా శాఖలోనే ఉన్న ఒక లాయరుగారిది. రెండోది నా భార్యది. ఆమె పేరు ప్రతిపాదించింది యువజన విభాగం.

లాయరుగారు చెడ్డవాడేం కాదు. నాలుగు భాషలు గడగడా మాట్లాడతాడు. రంజాన్ నెలలో మసీదులో కూర్చుని ఉపవాసం విడిచేవాళ్ళతో తింటాడు, చైనీయుల కొత్త సంవత్సరానికి వాళ్ళ సంఘంలో కనిపిస్తాడు. ఊళ్ళో ఆయనంటే కిట్టనివాళ్ళు లేరు. చీపురు ఆడవాళ్ళ సంగతి అడిగితే మాత్రం, "ముందు గెలుద్దాం, తర్వాత చూద్దాం" అనేవాడు. మా ఊళ్ళో చిన్న కాంట్రాక్టర్లు చాలామందే. వాళ్ళు అన్ని జాతుల్లోనూ ఉన్నారు, మా పార్టీలోనూ ఉన్నారు.

శాఖ సమావేశానికి రెండు రోజుల ముందు ఆమె ఇస్త్రీ చేసుకుంటూ అడిగింది.

"బావా, నువ్వు ఎవురికేత్తావు?"

"నిజం సెప్పమంతావా?"

"అబద్ధం సెప్తే నాకు తెలీదేటి?"

"లాయరుకి," అన్నాను. "నువ్వు సెప్పేది నాయమే. నేను కాదన్ను. కానీ రెండుసార్లు ఓడిపోయినాం. మూడోసారీ పోతే మన మాట ఇనీవోడే ఉండడు. ఆయన గెలుస్తాడు. నువ్వు గెలవలేవు."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "గెలిచినాక సూత్తామని ప్రతోళ్ళూ అంతారు బావా. మక్చిక్ పద్నాలుగేళ్ళ నుండి సూత్తానే ఉంది."

ఆమె మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుని అంది: "సరేలే. మొకం మీద సెప్పినావు. సెప్పకుండా ఏసుంటే కోపం ఒచ్చును."

అంతే. చొక్కా మడత పెట్టి బీరువాలో పెట్టింది. మరి ఆ మాట ఎత్తలేదు.

సమావేశం ఒక హార్డ్‌వేర్ దుకాణం మేడ మీద జరిగింది. లాయరుగారు బాగా మాట్లాడారు. తర్వాత ఆమె మలాయ్‌లో మొదలుపెట్టి తమిళంలోకి వచ్చింది. మధ్యలో ఒక పెద్దాయన లేచి, "అదంతా సరేనమ్మా, నువ్వు గెలుస్తావా?" అని అడిగాడు. ఇంట్లో నేనూ అదే అన్నవాణ్ణి కాబట్టి తల దించుకున్నాను.

"గెలుస్తానని చెప్పలేను," అంది ఆమె. "ఒకటి చెప్పగలను. మలాయ్ గుమ్మంలో ఏం మాట్లాడతానో, చైనా గుమ్మంలోనూ, మన గుమ్మంలోనూ అదే మాట్లాడతాను. అది నచ్చక ఓడిస్తే ఓడిపోతాను."

శాఖ కార్యదర్శిని నేనే కనుక చీటీలు విప్పి చదివే పని నాది. మధ్యలో నా చీటీ వచ్చింది. నా చేతిరాతతోనే ఉన్న లాయరు పేరు నా నోటితోనే చదివాను. ఆమె ముందు వరసలో కూర్చుని కాగితం మీద ఓటుకో గీత పెట్టుకుంటోంది. నా వైపు చూడలేదు. చివరికి ఏడు ఓట్ల తేడాతో ఆమె గెలిచింది. ఫలితం ప్రకటించేటప్పుడు ఆమె పేరు ఒకటికి రెండుసార్లు చదివాను. ఓడినవాడి పక్షాన ఓటు వేసి అంత సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

లాయరుగారు అందరికంటే ముందు వెళ్ళి ఆమెకి నమస్కారం పెట్టారు. మెట్లు దిగుతూ మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, సీటు మళ్ళీ పోయినట్టే," అన్నారు. నేను కాదనలేదు.

సెలవు పెట్టి ప్రచారంలో దిగాను. కరపత్రం రాసే పని నాకు అప్పగించారు. కాంట్రాక్టర్లకి గుచ్చుకోకుండా, "శ్రామికుల సంక్షేమానికి కృషి చేస్తాం" అని రాశాను. ఆమె ఆ వాక్యం కొట్టేసి, "కంపెనీ మారినా మనిషి సర్వీసు మొదటికి రాకూడదు" అని రాసింది. పైనుంచి ఫోన్ వచ్చింది, కాస్త మెత్తగా రాయమని. "ఇంతకంటే మెత్తగా రాత్తే అందులో మాటే మిగల్దు," అని నాతో తెలుగులో అని, వాళ్ళకి మలాయ్‌లో మర్యాదగా కుదరదని చెప్పింది.

ఇల్లిల్లూ తిరిగాం. కొన్ని తలుపులు మూసుకున్నాయి. ఒక కాఫీ కొట్టు చైనీయుడు, ఆ లెక్కన ఖర్చులన్నీ చివరికి మా నెత్తినే పడతాయని అరిచాడు. నేను వెళ్ళిపోదామన్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, అతని మాట మొత్తం విన్నది. అతను చల్లబడ్డాక తన మాట చెప్పింది. అతను ఒప్పుకోలేదు. కాఫీ మాత్రం ఇంకో కప్పు పోశాడు.

మా దగ్గర పోలింగు కేంద్రంలో ఓటర్లని వయసుని బట్టి గదులుగా విడదీస్తారు. మొదటి గది ముసలివాళ్ళది. అది ఎప్పుడూ అవతలి పార్టీదే. అందుకే ఓట్ల లెక్కింపులో మా తరఫున అక్కడ కూర్చోడానికి ఎవరూ ముందుకి రాలేదు. నేను కూర్చున్నాను. సాయంత్రం పెట్టె తెరిచి, అధికారి ఒక్కొక్క కాగితం ఎత్తి చూపిస్తున్నాడు. మొదట అవతలివి వరసగా వచ్చాయి. తర్వాత మావి రెండు. మళ్ళీ మావే నాలుగు. అవతలి పార్టీ మనిషి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. చివరి కట్ట అయ్యేసరికి ఆ గదిలో మాది పైచేయి. పద్నాలుగేళ్ళు నేల తుడిచినవాళ్ళ వయసు ఎంత ఉంటుందో నేను అంతవరకు ఆలోచించలేదు. సంతకం పెట్టే ముందు ఆ అంకె ఇంకోసారి చదువుకున్నాను.

అన్ని కేంద్రాలూ కలిపితే మేం ఓడిపోయాం. తేడా తక్కువే, అయినా ఓటమే. "నేనైతే గెలిచేవాణ్ణి," అన్నారు లాయరుగారు. నిజమే అయ్యుండచ్చు. నేను ఈరోజుకీ అలాగే అనుకుంటాను. ఆ రోజు నేను వేసిన ఓటు తప్పని నాకు అనిపించదు. కానీ ఆ గదిలో కూర్చున్న గంటని దేనితోనూ మార్చుకోను.

మర్నాడు ఉదయం ఆమె మామూలుగా క్లినిక్‌కి వెళ్ళింది. శనివారం వసారా మళ్ళీ నిండింది.

కొన్ని నెలల తర్వాత, గెలిచిన అవతలి పార్టీ సభ్యుడు మా ఇంటికి వచ్చాడు. ముసలివాళ్ళ గది ఆయన లెక్కలోనూ పడ్డట్టుంది. ఈ సర్వీసు సంగతి సభలో అడుగుదామనుకుంటున్నానని, వివరాలు కావాలని అన్నాడు. ఆమె లోపలికెళ్ళి, తాను రాసిన ఉత్తరాలూ తర్వాతెప్పుడో వచ్చిన కొన్ని జవాబులూ ఉన్న అట్టపెట్టె తెస్తుంటే గడప దగ్గర అడ్డుపడ్డాను.

"మనం పడ్డ కష్టం ఆడికి ఇత్తావేటి? రేపు పేరు ఆడిదవుతాది."

"అవనీ బావా. అడిగీది ఎవుడైతే ఏటి? అడగాల, అంతే."

ఆయన సభలో అడిగాడు. రాష్ట్ర భవనాల్లో పని చేసేవాళ్ళ గురించి పరిశీలిస్తామని జవాబు వచ్చింది, ఇంకా పరిశీలిస్తున్నారు. మక్చిక్ భవనానికి వచ్చిన కొత్త కంపెనీ మాత్రం ఆవిడ పాత ఏళ్ళన్నీ కాగితంలో కలిపి రాసింది.

ఆ సభ్యుడు మా ఇంటికి వచ్చిన రోజు, పెట్టె బరువుగా ఉంటే ఆయన కారు దాకా నేనే మోశాను. వెనక సీట్లో పెట్టాక ఆయన మూత తీసి చూసి, "ఇంత పద్ధతిగా ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

"మా ఆవిడే," అన్నాను. "నేను గుమాస్తాని. అయినా నాకంటే బాగా పెడుతుంది."